కోఠి కొలతలు

ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు కొలువుదీరిన మేడ. ఇప్పుడు ఆడపిల్లల చదువులకు చిరునామా. గేటు తెరుచుకుంది సరే... లోపల అందరికీ సమానంగా చోటు దొరికిందా? అది తేల్చడానికి మన దగ్గరున్న కొలబద్దలు ఏపాటివి?

'ఉమెన్స్ కాలేజ్... ఉమెన్స్ కాలేజ్... దిగేటోళ్లు ముందుకు రావాలె!'

హైదరాబాద్‌లో సిటీ బస్సెక్కిన ఎవరికైనా ఈ కేక పరిచయమే. పొద్దున తొమ్మిది దాటిందంటే కోఠిలో ఆగిన ప్రతి బస్సులోంచీ భుజాన బ్యాగులతో అమ్మాయిలు బిలబిలమంటూ దిగుతారు. ఒకరిది చుడీదార్, ఒకరిది జీన్సు, ఇంకొకరిది బుర్ఖా. ఒకమ్మాయి ఫోన్లో ఉర్దూలో మాట్లాడుతుంటే, ఆ పక్కనే మరొకమ్మాయి అచ్చమైన పల్లె యాసలో స్నేహితురాలిని తొందరపెడుతూ ఉంటుంది. సుల్తాన్ బజార్‌లో షట్టర్లు అప్పుడప్పుడే లేస్తుంటాయి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లు మూటలు విప్పుతుంటారు. ఆ రద్దీని దాటి గేటు లోపలికి వెళితే... వేరే లోకం. పెద్ద పెద్ద చెట్లు. వాటి మధ్య తల పూర్తిగా ఎత్తితే తప్ప పై అంచు కనిపించని స్తంభాలు. ఎత్తైన మెట్లు. ఆ మెట్లకు అటూ ఇటూ కాపలా కాస్తున్నట్టు రాతి సింహాలు.

గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే 'భిన్నత్వం అంటే ఇదే కదా' అనిపిస్తుంది. నిజమే. కానీ కంటికి కనిపించేది వేరు, కాగితం మీద లెక్కకొచ్చేది వేరు. ఆ రెండింటికీ అందనిది మరొకటుంది... లోపలికి వెళ్లిన అమ్మాయి ఆ మూడేళ్లూ ఎలా గడిపిందన్నది. డిగ్రీ చదువుల్లో అన్ని వర్గాలకూ చోటు దక్కిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకు కోఠిని మించిన చోటు లేదు. ఎందుకంటే కొలతల గురించి రెండు మంచి కథలు ఈ మేడ పునాదుల్లోనే ఉన్నాయి.

చిన్న కార్డు కథ

'కోఠి' అంటేనే పెద్ద భవంతి. ఈ ప్రాంతానికి ఆ పేరు తెచ్చిపెట్టిన భవంతి ఇదే. హైదరాబాద్‌లో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ హయాంలో, 1803 ప్రాంతంలో దీని నిర్మాణం మొదలైంది. నక్షా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది.

ఆ ఖర్చుకు నిజాం ఒప్పుకోవడం వెనక ఓ సరదా కథనం ఉంది. రెసిడెంటు మొదట పెద్ద కాగితం మీద నక్షా గీయించి దర్బారుకు తీసుకెళ్లాడట. దాన్ని చూసిన నిజాం కుదరదు పొమ్మన్నాడట. ఎందుకా అని ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది... ఆ కాగితం దాదాపు నిజాం రాజ్యపటం అంత ఉందట! రెసిడెంటు ఇంటికొచ్చి అదే నక్షాను చిన్న కార్డు మీద గీయించి మళ్లీ పట్టుకెళ్లాడు. ఈసారి మారుమాట లేకుండా అనుమతి దొరికింది. మేడ అదే, కొలతలూ అవే. మారింది కాగితం సైజు ఒక్కటే.

రెండో కథ అంతఃపురానిది. కిర్క్‌పాట్రిక్ హైదరాబాద్ కులీన వంశానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఆమెది పరదా జీవితం. మేడ వెనక రంగ్ మహల్‌లో నివాసం. మగవాళ్లు తిరిగే ముందు వైపుకు ఆమె రాకూడదు. భర్త కట్టించిన భవనం ముఖద్వారం ఎలా ఉంటుందో చూసే వీలే లేదు. అందుకని మేడకు అచ్చంగా ఓ చిన్న నమూనా కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. రంగ్ మహల్‌ను తర్వాతి కాలంలో కూల్చేశారు. నమూనా మాత్రం మిగిలింది. దాన్ని బాగుచేసి నిలబెట్టారు కూడా.

సొంత ఇంటి ముందు మెట్లు ఎక్కలేని ఆడమనిషికి ఆ ఇంటి బొమ్మ చూపించడం... ఇప్పుడు వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ మన చదువుల లెక్కలు చాలావరకు ఇలాంటి బొమ్మలే. ఇల్లు ఎలా ఉందో చూపిస్తాయి. అందులో ఎవరు హాయిగా తిరుగుతున్నారో చెప్పవు.

మేడకెక్కిన చదువు

ఆడపిల్లల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద 1924లో కళాశాల మొదలైంది. అప్పట్లో అది నాంపల్లిలో ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక బ్రిటిష్ రెసిడెంట్లు వెళ్లిపోయారు. 1948లో హైదరాబాద్ రాజ్యం దేశంలో కలిసింది. ఆ మరుసటి ఏడాదే, 1949లో, కళాశాల ఈ మేడకు మారింది. ఒకప్పుడు ఆడవాళ్ల కంటపడని దర్బారు హాలు వైపు పుస్తకాలు పట్టుకుని ఆడపిల్లలు నడిచొచ్చారు. ఏ ఉపన్యాసమూ అక్కర్లేని మార్పు అది.

తర్వాత దశాబ్దాలు గడిచేకొద్దీ మేడ శిథిలమైంది. పెచ్చులూడే గోడల కింద పాఠాలు చెప్పడం ప్రమాదమని తరగతులు పక్క భవనాల్లోకి వెళ్లాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 2002లో దీన్ని చేర్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన మరమ్మతులతో 2023 నాటికి స్తంభాలు మళ్లీ తెల్లగా మెరిశాయి.

ఈలోగా కళాశాల హోదా మారింది. 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన భూమి కోసం, ఆ భూమిలో పండిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడ్డ ఐలమ్మ. కంపెనీ దొర కోసం నిజాం డబ్బుతో కట్టిన మేడకు చాకలి కులంలో పుట్టిన రైతు పోరాట యోధురాలి పేరు! తెలంగాణ చరిత్ర తెలిసిన ఎవరైనా ఆ బోర్డు ముందు ఓ క్షణం ఆగాల్సిందే. బస్సు కండక్టర్లకు మాత్రం ఇప్పటికీ అది ఉమెన్స్ కాలేజే!

బోర్డు మీద పేరు మారడం గొప్ప గుర్తు. మరి తరగతి గదిలో?

నూటికి నూరు... అయినా!

కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి విద్యాసంస్థలకు ర్యాంకులిస్తోంది. ఎన్ఐఆర్ఎఫ్ అంటారు. అందులో 'అందరికీ అందుబాటు, అందరికీ చోటు' అన్న అంశానికి పది శాతం ప్రాధాన్యముంది. ఆ అంశాన్ని వంద మార్కులుగా విడగొడితే ఇతర రాష్ట్రాల నుంచి, ఇతర దేశాల నుంచి వచ్చిన విద్యార్థులకు 30. మహిళలకు 30. ఆర్థికంగా, సామాజికంగా వెనకబడినవారికి 20. వికలాంగులకు కల్పించిన సౌకర్యాలకు 20.

ఈ లెక్కను కోఠికి వర్తింపజేసి చూస్తే తమాషా బయటపడుతుంది. మహిళా విద్యాసంస్థలో విద్యార్థులు నూటికి నూరు శాతం అమ్మాయిలే. కాబట్టి ఆ గడిలో తిరుగులేదు. కానీ ఆ నూరు మందిలో ఎవరెవరున్నారు? చెంచు పెంట నుంచి వచ్చిన పిల్ల ఉందా? పాతబస్తీలో చదువు మానేసే వయసు దాటుకుని వచ్చిన పిల్ల ఉందా? ఆ గడికి తెలియదు. దానికి అందరూ 'అమ్మాయిలే'.

మరో వింత చూడండి. పొరుగు రాష్ట్రంలోని పెద్ద నగరం నుంచి వచ్చిన డాక్టరు గారమ్మాయి ఆ మొదటి గడికి మార్కులు తెస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలో అడవి అంచు నుంచి వచ్చి, ఆ ఇంట్లో మొదటిసారి డిగ్రీలో చేరిన అమ్మాయి ఆ గడికి ఒక్క మార్కూ తేలేదు. ఎందుకంటే ఆమెదీ తెలంగాణే! దూరాన్ని రాష్ట్ర సరిహద్దుతో కొలిస్తే వచ్చే ఇబ్బంది ఇది. కోఠికి బెంగళూరు ఎంత దూరమో కొలవచ్చు. తండా ఎంత దూరమో కొలవడానికి కిలోమీటర్లు సరిపోవు.

వెనకబడినవారి గడిలో చూసేది పూర్తి ఫీజు తిరిగి అందుకున్న విద్యార్థుల సంఖ్య. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో ఊపందుకున్న ఫీజు రీయింబర్స్‌మెంట్ వేలాది ఇళ్లలో మొదటి గ్రాడ్యుయేట్లను తయారుచేసిన మాట నిజం. కానీ ఫీజు తిరిగి రావడం ఒక్కటే చదువు సాగడానికి చాలదు. హాస్టల్ మెస్ బిల్లు, రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజు... వీటికి తడుముకునే పిల్లలెందరో ఆ గడి అడగదు.

దేశం వేసే లెక్క

ర్యాంకుల సంగతి పక్కన పెడదాం. దేశంలో ఉన్నత విద్య మీద ఏటా జరిగే సర్వే ఒకటుంది. 'ఐషే' అంటారు. 2010-11లో మొదలైంది. ప్రతి కళాశాలా తన దగ్గర చేరిన విద్యార్థుల్లో ఆడ, మగ ఎందరో. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎందరో. ముస్లింలు, ఇతర మైనారిటీలు, వికలాంగులు ఎందరో నింపి పంపాలి. అలా పోగైన లెక్కల్లో సంతోషించదగ్గవి చాలానే ఉన్నాయి.

18 నుంచి 23 ఏళ్ల వయసున్న ప్రతి వంద మందికీ ఎందరు కాలేజీల్లో చేరారో చెప్పేదే స్థూల నమోదు నిష్పత్తి. 2014-15లో అది దేశం మొత్తానికి 23.7. 2021-22కి 28.4 అయింది. అదే కాలంలో అమ్మాయిలది 22.9 నుంచి 28.5కు చేరింది. అంటే అబ్బాయిలను దాటేశారు! ఎస్సీలది 18.9 నుంచి 25.9కి, ఎస్టీలది 13.5 నుంచి 21.2కు పెరిగింది. ఏడేళ్లలో ఇది చిన్న కదలిక కాదు. దీని వెనక ఎన్ని గురుకులాల గంటలు, ఎన్ని స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఎందరు తల్లుల పుస్తెలతాళ్ల తాకట్లు ఉన్నాయో!

అయితే చిన్న కార్డును పెద్ద కాగితంగా పరిస్తే మరికొన్ని గీతలు కనిపిస్తాయి. 2021-22లో దేశంలో 4.33 కోట్ల మంది ఉన్నత విద్యలో ఉంటే వారిలో ముస్లింలు 21.1 లక్షలు. అంటే నూటికి ఐదుగురు కూడా లేరు. 2011 జనగణన ప్రకారం జనాభాలో వారు నూటికి 14 మంది. ఎస్టీలు జనాభాలో 8.6 శాతం, కాలేజీల్లో 6.3 శాతం. నిష్పత్తి పెరిగిందన్నదీ నిజమే, వెలితి మిగిలిందన్నదీ నిజమే. ఏదో ఒకటే చెప్పి ఊరుకుంటే అది సగం నిజం.

తెలంగాణకు ఇప్పుడు సొంత కొలబద్ద కూడా ఒకటుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఇంటింటికీ తిరిగి చేయించిన కులగణన వివరాలు 2025లో బయటికొచ్చాయి. వాటి ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీలు, ముస్లిం బీసీలతో కలిపి 56.33 శాతం. ఎస్సీలు 17.43. ఎస్టీలు 10.45. ఏ కళాశాలైనా తన రిజిస్టరు పక్కన ఈ మూడు అంకెలు పెట్టుకుని చూసుకోవచ్చు. కోర్సు కోర్సుకూ విడివిడిగా చూసుకుంటే ఇంకా మంచిది. మొత్తమ్మీద లెక్క సరిపోయినా, పిల్లలంతా ఎగబడే కోర్సులో ఒకరకం, సీట్లు మిగిలిపోయే కోర్సులో మరోరకం ఉన్నాయంటే అక్కడ ఆలోచించాల్సింది ఉంది.

ర్యాంపు ఎక్కడి దాకా?

కోఠి మేడ అందమంతా దాని మెట్లలోనే ఉంది. ఎంత ఎత్తున ఉంటే అంత దర్పం... ఆనాటి లెక్క అది. చక్రాల కుర్చీలో వచ్చిన అమ్మాయికి మాత్రం అవి మెట్లు కావు, గోడ. పాత కట్టడాలన్నింటిదీ ఇదే కథ. చాలా కొత్త కట్టడాలదీ ఇదే కథ కావడం విచారకరం.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం ఐదు శాతం సీట్లు వారికివ్వాలంది. అంతకుముందు మూడు శాతమే. గుర్తించే వైకల్యాలు కూడా ఏడు నుంచి 21కి పెరిగాయి. మరి కాలేజీల్లో? 2019-20లో దేశం మొత్తమ్మీద ఉన్నత విద్యలో నమోదైన వికలాంగులు 92,831 మంది. 2020-21లో 79,035. వెయ్యి మంది విద్యార్థుల్లో ఇద్దరు!

ఇక్కడే కొలతలో మరో చిక్కు. ఈ లెక్కకెక్కాలంటే ఎవరికివారు చెప్పుకోవాలి, సర్టిఫికెట్ చూపించాలి. సరిగా వినిపించక ముందు బెంచీ కోసం వెతుక్కునే అమ్మాయి ఆ విషయం దాచుకుంటే లెక్కలోకి రాదు. చెప్పుకుంటే పెళ్లి సంబంధాలకు ఇబ్బంది అని ఇంట్లోవాళ్లే వద్దనవచ్చు. కాబట్టి అంకె తక్కువగా ఉందంటే అర్థం రెండు రకాలు. రాలేదనైనా అనుకోవాలి, వచ్చి చెప్పుకోలేదనైనా అనుకోవాలి. రెండోది నిజమైతే మారాల్సింది ఆ అమ్మాయి కాదు, ఆమె చుట్టూ ఉన్న గాలి.

సౌకర్యాల పట్టికలో 'ర్యాంపు ఉందా?' అని ఉంటుంది. ఉందని టిక్కు పెడితే మార్కు పడుతుంది. కానీ ఆ ర్యాంపు ఎక్కడి దాకా వెళ్తుంది? ఆఫీసు గది దాకానా, లైబ్రరీ దాకానా? దాని చివర తలుపు వెడల్పుగా ఉందా? బాత్రూమ్ సంగతేంటి? ఓ పూట క్యాంపస్‌లో చక్రాల కుర్చీ వెంట నడిస్తే తెలిసేవి ఇవి.

గడుల్లో పట్టని పిల్ల

ఓ అమ్మాయిని ఊహించుకుందాం. అచ్చంపేట వైపు ఊరు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆన్‌లైన్‌లో 'దోస్త్' ద్వారా కోఠిలో సీటొచ్చింది. మొదటి రోజు లెక్చరర్ ఇంగ్లిష్‌లో పాఠం మొదలుపెట్టారు. పక్కపిల్ల చకచకా నోట్స్ రాసుకుంటోంది. ఈ పిల్ల కూడా పెన్ను కదిలిస్తోంది... ఏం రాస్తోందో ఆమెకే తెలియదు. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన అమ్మాయిదీ ఇదే పరిస్థితి. ఆ ఇద్దరూ వెనక బెంచీలో పక్కపక్కనే కూర్చున్నా ఒకరి భాష ఒకరికి అంతంతమాత్రం.

రిజిస్టరులో ఇద్దరూ ఉన్నారు. సర్వేలో ఇద్దరూ ఉన్నారు. నిష్పత్తి పెరగడానికి తలో చెయ్యీ వేశారు. కానీ 'ఏ మీడియం నుంచి వచ్చారు, ఇంట్లో ముందెవరైనా డిగ్రీ చదివారా' అన్న ప్రశ్నలకు ర్యాంకుల సూత్రంలో చోటే లేదు. క్లాసులో గొంతు విప్పడానికి వారికి ఎన్ని నెలలు పట్టిందన్నది కొలిచే సాధనమూ లేదు.

రోజూ వచ్చిపోయే పిల్లల సంగతి మరొకటి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేకుండా ప్రయాణించే పథకం మొదలైంది. నెల బస్‌పాస్ ఖర్చు చూసి దగ్గర్లోని ఏదో ఒక కాలేజీతో సరిపెట్టుకునే ఇంట్లో అదెంత తేడా తెస్తుందో చెప్పనక్కర్లేదు. ఒక్కోసారి ఆడపిల్లల చదువును నిలబెట్టేది ఏ సెమినార్ తీర్మానమో కాదు, ఇంటి ముందు ఆగే బస్సు!

మూడేళ్ల తర్వాత...

అసలైన కొలత గేటు దగ్గర కాదు, మూడేళ్ల తర్వాత ఉంది. మొదటి ఏడాది చేరిన వందమందిలో ఆరో సెమిస్టర్ పరీక్ష రాసింది ఎందరు? ఎందరు మధ్యలో ఆగిపోయారు? ఆగినవాళ్లు ఏ ఊళ్లవాళ్లు, ఏ వర్గాలవాళ్లు? పెళ్లి చేశారా, ఫీజు బకాయి ఉందా, బ్యాక్‌లాగ్‌లు పేరుకుని విసిగిపోయారా? ఈ వివరాలకు కొత్త సర్వేలు అక్కర్లేదు. హాజరుపట్టీ, పరీక్షల విభాగం జాబితా... రెండూ కళాశాలలోనే ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడటమే మిగిలింది.

ఇంకొన్ని చిన్న లెక్కలూ ఉన్నాయి. కల్చరల్ ఫెస్ట్ వేదికెక్కేది ఎవరు, కుర్చీలు సర్దేది ఎవరు? ఎన్‌సీసీలో, క్లాస్ రిప్రజెంటేటివ్‌లలో ఎవరున్నారు? హాస్టల్ గదులు పంచుకునేటప్పుడు ఎవరు ఎవరితో ఉంటామంటున్నారు, ఎవరితో వద్దంటున్నారు? మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడు చెట్ల కింద గుంపులు ఎలా కూర్చుంటున్నాయి? ఇవి శాతాల్లో చెప్పలేకపోవచ్చు. కళ్లున్న అధ్యాపకురాలికి మాత్రం వారం రోజుల్లో అర్థమైపోతాయి.

ఫిర్యాదుల సంగతి కూడా అంతే. క్యాంపస్‌లో కులం, మతం, ప్రాంతం, వైకల్యం పేరుతో వివక్ష జరిగితే చెప్పుకోవడానికి సమాన అవకాశాల విభాగం ఉండాలని యూజీసీ 2012లో నిబంధనలు తెచ్చింది. అవి కాగితాలకే పరిమితమయ్యాయంటూ, క్యాంపస్‌లలో పిల్లల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు - రాధిక వేముల, అబేదా తడ్వీ - 2019లో సుప్రీంకోర్టు గడప తొక్కారు. ఒక కళాశాలలో ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే అక్కడ వివక్ష లేదని అనుకోవచ్చా? చెప్పుకునే ధైర్యం లేదనీ అనుకోవచ్చు. సున్నాను చూసి మురిసిపోయే ముందు, ఆ విభాగం ఏ గదిలో ఉందో మొదటి ఏడాది పిల్లల్లో పదిమందిని అడిగితే సరి. జవాబు అక్కడే దొరుకుతుంది.

అలాగని అంకెలు వద్దనుకుంటే అంతకన్నా పొరపాటు ఉండదు. లెక్క లేకపోతే లోటు ఉందన్న సంగతే తెలియదు. ఎస్టీ పిల్లల నిష్పత్తి 13.5 దగ్గర ఉందని కాగితం చెప్పబట్టే ఎక్కడ హాస్టళ్లు కట్టాలో అడిగే వీలు కలిగింది. కాకపోతే లెక్క గేటు దగ్గరే ఆగిపోకూడదు. తరగతి గదిలోకి, లైబ్రరీలోకి, హాస్టల్ మెస్‌లోకి, చివరికి పట్టా అందుకునే వేదిక మీదకూ వెళ్లాలి.

ఐలమ్మ అడిగింది తన చెమటతో పండిన పంటను తన ఇంటికి చేర్చుకునే హక్కు. నాటు వేసినప్పటి లెక్కతో రైతు కడుపు నిండదు, ధాన్యం ఇంటికొస్తేనే నిండుతుంది. ఆమె పేరు పెట్టుకున్న చోట ప్రతి జూన్‌లో ఎందరు పిల్లలు చేరారో లెక్కపెడుతున్నాం. మూడేళ్లకు ఎందరు పట్టా చేతబట్టుకుని ఇంటికెళ్లారో కూడా అంతే శ్రద్ధగా, పేరు పేరునా లెక్కపెట్టాల్సిందే.